శరణార్థులు చలికాలం గట్టెక్కడానికి ఎలా సాయపడాలి?

మంచులో కూరుకుపోయిన గుడారాలు టీవీలో కనిపించాకే చాలామందికి సాయం గుర్తొస్తుంది, కానీ అప్పటికి కొండదారులు మూసుకుపోయి సామాను గోడౌన్లలోనే ఉండిపోతుంది. 2019 జనవరిలో నార్మా తుఫాను లెబనాన్‌లోని సిరియా శరణార్థుల గుడారాలను నీళ్లలో, మంచులో ముంచేసింది. అలాంటి చోట్లకు పంపాలనుకుంటే సెప్టెంబరులోనే పని మొదలుపెట్టండి.

ముందు వాళ్లకేం కావాలో అడగండి. పాత బట్టల మూటలు పంపకండి, వాటిని ఏరడానికే అక్కడి వాలంటీర్లకు రోజులు పడుతుంది. నా మాట వింటే డబ్బే మేలు: ఒకరికి పొయ్యిలోకి డీజిల్ కావాలి, ఇంకొకరికి పాపకు బూట్లు కావాలి, అది వాళ్లకే తెలుసు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యుఎన్‌హెచ్‌సీఆర్ కూడా చాలాచోట్ల చలికాలం సాయాన్ని నగదుగానే ఇస్తుంది. వస్తువులే ఇస్తామంటే కొత్త సాక్సులు, థర్మల్స్ (లోపల వేసుకునే వెచ్చటి బట్టలు), నీళ్లు దిగని బూట్లు, అదీ పిల్లల సైజులు మర్చిపోకుండా.

తర్వాత గుడారం సంగతి. అందరూ పైకప్పు చూస్తారు గానీ పడుకున్న మనిషి ఒంట్లో వేడిని లాగేసేది నేల. చెక్క ప్యాలెట్లు (గోడౌన్లలో సామాను కింద పెట్టే చెక్క చట్రాలు) పరిచి, వాటిమీద ఫోమ్ షీటు, దానిమీద చాప వేయించండి. ఉన్నవి రెండే దుప్పట్లయితే ఒకటి కిందే వేసుకోమనండి. వాననీళ్లు లోపలికి రాకుండా చుట్టూ కాలువ తవ్వాలి, పల్లానికి దారి ఇవ్వకపోతే అదే చెరువవుతుంది. టార్పాలిన్ వాలుగా, బిగుతుగా కట్టాలి. వదులుగా ఉన్నచోట మంచు పేరుకుని ఆ బరువుకు కర్రలు విరుగుతాయి, కాబట్టి రాత్రిపూట కూడా లేచి దులుపుతుండాలి.

బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుని నిద్రపోవడం మహా ప్రమాదం. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. గొట్టం బయటికి ఉన్న పొయ్యి ఇప్పించండి, అయినా గాలి ఆడే సందు మూయకూడదు, పడుకునేముందు ఆర్పేయాలి. తలనొప్పి, వాంతి, తల తిరగడం మొదలైతే అందరూ వెంటనే బయటికి రావాలి.

ఒంటి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే ప్రాణాపాయమే. మాట తడబడుతుంది, అడుగు తూలుతుంది. వణుకు ఆగిందంటే తేరుకున్నారనుకోవద్దు, పరిస్థితి ఇంకా దిగజారి ఉండొచ్చు. పసిపిల్లల బుగ్గలు ఎర్రగా ఉన్నాయని మోసపోవద్దు, ఒళ్లు చల్లగా ఉండి పాలు తాగకుండా మందకొడిగా ఉంటే డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే. ఈలోగా తడిబట్టలు తీసేసి, పొడి దుప్పటి చుట్టి, ఛాతీ, మెడ, తల వెచ్చగా ఉంచండి. చేతులూ కాళ్లూ రుద్దకండి, మద్యం అస్సలు పట్టకండి. పెద్దవాళ్లు స్పృహలో ఉంటే గోరువెచ్చని తీపి టీ కొద్దికొద్దిగా తాగించండి.