వేడి చేసిందనుకుని ఆగకండి: వృషణాల నొప్పి, వాపు

సూర్యారావుపేటలో మందుల షాపు నాది. ఈ సమస్యతో వచ్చే మగవాళ్లు పక్కవాళ్లు వెళ్లేదాకా దగ్గుమందు సీసాలు చూస్తూ నిలబడతారు. తర్వాత గొంతు తగ్గించి, "వేడి చేసిందండీ, కింద నొప్పి" అంటారు. బెజవాడ ఎండల్లో ఆ మాట నమ్మబుద్ధేస్తుంది. వృషణాలు ఒంటి వేడి కన్నా 2–4 డిగ్రీలు చల్లగా ఉండాలన్నది నిజమే. కానీ ఎక్కువ వేడితో తగ్గేది వీర్యకణాలు. నొప్పికి కారణం వేరే ఉంటుంది.

ఉన్నట్టుండి ఒకవైపు విపరీతమైన నొప్పి, వాంతి

ఎక్కువగా 12–18 ఏళ్ల కుర్రాళ్లలో, చాలాసార్లు నిద్రలో మొదలవుతుంది. సిగ్గుపడి "కడుపు నొప్పి" అని చెబుతారు. చూస్తే ఆ వైపు బీజం పైకి లాగినట్టు, కాస్త అడ్డంగా ఉంటుంది. బీజం వేలాడే రక్తనాళాల తాడు మెలిపడి, దానికి రక్తం ఆగిపోయిందన్నమాట. 6 గంటల్లోపు ఆపరేషన్ చేసి మెలిక విప్పితే చాలావరకు దక్కుతుంది, ఆ తర్వాత గంటగంటకూ ఆశ తగ్గుతుంది. రెండోది కూడా మెలిపడకుండా అప్పుడే కుట్టేస్తారు. కాబట్టి తెల్లారేదాకా ఆగొద్దు. గుంటూరు జీజీహెచ్ అయినా, విజయవాడ ప్రభుత్వాసుపత్రి అయినా నేరుగా క్యాజువాలిటీకే. దారిలో చలవకని మజ్జిగ పట్టకండి, మత్తు ఇవ్వాలంటే కడుపు ఖాళీగా ఉండాలి.

రెండు మూడు రోజులుగా పెరిగే నొప్పి, జ్వరం, మూత్రంలో మంట

ఇన్ఫెక్షన్. డాక్టరు రాసిన యాంటీబయాటిక్ కోర్సు మొత్తం వాడాలి. సుఖవ్యాధి అని తేలితే భార్యకూ వైద్యం కావాలి, దాస్తే మళ్లీ మొదటికే వస్తుంది. కుర్రాళ్లలో మాత్రం ముందు మెలిక లేదని తేల్చుకోవాలి.

నొప్పి లేని వాపు

చీకటి గదిలో టార్చి ఆనిస్తే ఎర్రగా వెలిగిందా? నీరు పట్టి ఉంటుంది, అదే వరిబీజం. మురికికాలవల దోమలు మోసే బోదకాలు క్రిమి కూడా దీనికి ఒక కారణం. సూదితో నీరు తీసినా మళ్లీ నిండుతుంది. చిన్న ఆపరేషనే మార్గం. వెలిగినంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి, స్కానింగ్ చేయించండి. పడుకుంటే తగ్గి, దగ్గితే పెరిగితే హెర్నియా, అంటే పేగు కిందికి జారడం. అది గట్టిపడి లోపలికి పోకుండా వాంతులైతే మళ్లీ క్యాజువాలిటీయే.

ఎడమవైపు వానపాముల మూటలా

వేరికోసీల్, అంటే సిరలు ఉబ్బడం. ఎడమ సిర పైకి చాలా దూరం వెళ్లి కిడ్నీ సిరలో నిలువుగా కలుస్తుంది, అందుకే ఎక్కువగా అటే. చాలామందికి ఏ వైద్యమూ అక్కర్లేదు. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు వీర్యపరీక్ష చేయించుకోవాలి. ఆపరేషన్ అయితే ఫలితం కోసం కనీసం 3 నెలలు ఆగాలి, కొత్త కణాలు తయారవడానికే సుమారు 70 రోజులు పడుతుంది.

బీజంలోనే గట్టి గడ్డ

నొప్పి లేదని వదిలేసేది దీన్నే. క్యాన్సర్ కావచ్చు, అదీ ఎక్కువగా కుర్రవయసులోనే. త్వరగా పట్టుకుంటే దాదాపు అందరికీ నయమైపోతుంది. ఒకటి కాస్త కిందికి ఉండటం మాత్రం మామూలే, దానికి టెన్షన్ వద్దు.

ఆసుపత్రిలో "కింద నొప్పి" అనకండి. "కుడి బీజం, రాత్రి రెండింటి నుంచి" అనండి.