హార్స్‌లీ కొండకు పోతే ఒక రాత్రి పైనే పడుకోండి

మా తిరుపతి ఎండ ఎట్లుంటుందో ఈ ఊరోళ్లకు చెప్పే పని లేదు. అందుకే మే నెల వచ్చిందంటే ఏదో ఒక ఆదివారం చూసుకొని హార్స్‌లీ హిల్స్‌కు బయల్దేరి, చీకటి పడకముందే దిగొచ్చేస్తారు. అట్ల పోవద్దండి. మంగళవారమో బుధవారమో పోండి, ఒక రాత్రి పైనే ఉండండి. జనం దిగిపోయాకే ఆ కొండ మనదవుతుంది.

దారి చంద్రగిరి, భాకరాపేట ఘాటు, పీలేరు, వాయల్పాడు మీదుగా మదనపల్లెకు. ఘాటులో మలుపులు జాస్తి, చీకట్లో వద్దు. మదనపల్లె నుంచి ఇంకో ముప్పై కిలోమీటర్లు. బస్సులో పోయేవాళ్లు మదనపల్లెలో మారాలి. ఎక్కేటప్పుడే తిరుగు బస్సు ఎన్ని గంటలకో కండక్టరును అడిగి పెట్టుకోండి. గది మాత్రం ముందే బుక్ చేసుకోవాలి. టూరిజం వాళ్ల హరిత రిసార్టు పైనే ఉంది.

ఈ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ కథ అక్కడ ఎవరినడిగినా చెబుతారు, ఆమె గుడీ ఉంది. కడప కలెక్టరుగా చేసిన డబ్ల్యూ.డి. హార్స్‌లీ ఇక్కడ బంగళా కట్టుకున్నాక ఆయన పేరు నిలిచిపోయింది. నాకైతే పాత పేరే ఇష్టం.

పైన 1859లో నాటిన నీలగిరి చెట్టు ఒకటుంది, పేరు కల్యాణి. ఫొటో తీసుకొని వెళ్లిపోకండి. దగ్గరికి పోయి మాను మీద చెయ్యి పెట్టండి. పైబెరడు పేలికలు పేలికలుగా ఊడి, లోపల నున్నగా, తెల్లగా, చల్లగా తగులుతుంది. కింద రాలిన ఆకు ఒకటి నలిపి వాసన చూడండి. జలుబు చేసినప్పుడు అమ్మ పట్టిన ఆవిరి గుర్తొస్తుంది.

గాలిబండ దగ్గరికి తెల్లవారకముందే పోవాలి. పోయినేడు డిసెంబరులో మా అత్తను తీసుకుపోయినాను. మోకాళ్ల నొప్పులు, మెల్లగా చెయ్యి పట్టుకొని నడిపించినాను. గాలికి ఆమె శాలువా రెక్కలా లేచిపోతా ఉంటే రెండు చేతులా పట్టుకొని నిలబడింది. కింద ఊళ్లన్నీ మంచులో మునిగి, ఒక్కొక్క గుట్టే తేలతా ఉంది. అరగంట ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత, "ఇంకాసేపు ఉందామే" అనింది. మీరు పెద్దవాళ్లను తీసుకుపోతే మంకీ క్యాపు, మందపాటి శాలువా, కాలికి పట్టుండే చెప్పులు మర్చిపోకండి. మంచుకు బండ తడిసి జారుతుంది, అంచుకు పోనీయొద్దు.

తిండికి మేము సంగటి ముద్దలు, ఊరుబిండి, బొరుగులు కట్టుకొని పోతాం. కారు అద్దాలు ఎక్కించి పెట్టండి. ఒకసారి కోతి వచ్చి ఊరుబిండి డబ్బా ఎత్తుకుపోయింది, చిన్నపిల్ల చేతిని గీరింది కూడా. వాటికి ఏమీ పెట్టొద్దు, పిల్లల చేతిలో తినేది ఉంచొద్దు. ప్లాస్టిక్ కవర్లు ఒక్కటి కూడా పైన వదలకుండా మళ్లీ సంచిలో వేసుకొని రండి.

దిగేటప్పుడు సెకండ్ గేరులోనే రండి, బ్రేకు మీదే కాలుంచితే వేడెక్కుతుంది. మదనపల్లెలో బీసెంట్ థియసాఫికల్ కాలేజీ దగ్గర కాసేపు ఆగండి. 1919లో ఠాగూరు జనగణమనను ఇంగ్లీషులోకి రాసింది అక్కడే. పిల్లలకు ఆ సంగతి గేటు ముందర నిలబెట్టి చెప్పండి, చీకటి పడకముందే ఘాటు దాటేయండి.