ఎన్‌హెచ్‌ఎల్ టీమ్ ఓడింది అలసట వల్లేనా? షెడ్యూల్ చూసి మీరే లెక్క తేల్చుకోవడం ఎలా

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 టీమ్‌లున్నాయి. 2025-26 వరకూ ఒక్కో టీమ్ అక్టోబర్ నుంచి ఏప్రిల్ లోపు 82 మ్యాచ్‌లు ఆడేది, అంటే దాదాపు రోజు విడిచి రోజు ఆట, మధ్యలో విమానాలు, హోటళ్లు, ప్రాక్టీసు. వరుసగా రెండో రాత్రి ఆడి ఓడితే కొందరు అలసట అంటారు, ఇంకొందరు ఆటగాళ్లకి ఒళ్లు వంగలేదని తిడతారు. తిట్టే ముందు లెక్క చూడాలి. స్ప్రెడ్‌షీట్ వాడటం వస్తే చాలు, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్టార్స్, డెవిల్స్ మ్యాచ్‌లు చూసే మనవాళ్లు కూడా ఒక వీకెండ్‌లో చేసేయొచ్చు.

ముందు షెడ్యూల్ దించుకోండి

హాకీ రిఫరెన్స్ సైట్‌లో సీజన్ మొత్తం ఫలితాలు తేదీలతో సహా ఉంటాయి. 82 మ్యాచ్‌ల సీజన్ అయితే లీగ్ మొత్తం మీద 1312 మ్యాచ్‌లు. ఒక్కో మ్యాచ్‌ని రెండు వరుసలుగా, టీమ్‌కి ఒకటి చొప్పున రాసుకుని, టీమ్ వారీగా, తేదీ వారీగా సర్దండి. ఈ మ్యాచ్ తేదీలోంచి ముందు మ్యాచ్ తేదీ తీసేసి ఇంకో ఒకటి తగ్గిస్తే విశ్రాంతి రోజులు వస్తాయి. సున్నా వస్తే అది బ్యాక్ టు బ్యాక్‌లో, అంటే వరుస రాత్రుల్లో ఆడే జంట మ్యాచ్‌లలో, రెండో మ్యాచ్. మూడు దాటినవన్నీ ఒకే గుంపులో వేసేయండి, లేకపోతే 2026 ఫిబ్రవరిలో ఒలింపిక్స్ కోసం ఇచ్చిన లాంటి పెద్ద విరామాలు సగటుని పాడుచేస్తాయి.

ఎదుటి టీమ్ విశ్రాంతి కూడా చూడండి

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. మీ టీమ్ అలసిపోయింది సరే, ఎదుటివాళ్లు కూడా నిన్న రాత్రే ఆడి ఉంటే? అప్పుడు ఇద్దరూ సమానమే కదా. అందుకే రెండు టీమ్‌ల విశ్రాంతి రోజుల తేడాకి ఒక కాలమ్ పెట్టండి. దాని పక్కనే సొంత ఊరా, బయట ఊరా అన్నది కూడా రాయండి, ఎందుకంటే బ్యాక్ టు బ్యాక్‌లో రెండో మ్యాచ్ చాలాసార్లు బయట ఊళ్లోనే పడుతుంది, బయట ఆడే టీమ్ గెలుపు శాతం మామూలుగానే తక్కువ. ఈ రెండూ విడదీయకపోతే ప్రయాణం, ప్రేక్షకులు, అలసట అన్నీ కలిసిపోయి ఏది దేనివల్లో తెలియదు.

గోల్‌కీపర్ సంగతి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. రెండో రాత్రి కోచ్‌లు ఎక్కువగా మెయిన్ గోల్‌కీపర్‌కి రెస్ట్ ఇచ్చి బ్యాకప్‌ని దింపుతారు. అప్పుడు ఐదు గోల్స్ పడితే అది మిగతా ఆటగాళ్ల కాళ్లలో సత్తువ లేకనా, లేక గోల్ ముందు నిలబడ్డవాడు మామూలు కీపర్ కాకనా? ఎవరు ఆడారో రాసుకుని, మెయిన్ కీపర్ ఆడిన రెండో రాత్రుల్ని విడిగా లెక్కకట్టండి.

గెలుపోటముల్ని మాత్రమే నమ్మకండి. 60 నిమిషాల్లో సమమైతే ఐదు నిమిషాలు ముగ్గురితో ముగ్గురి ఓవర్‌టైమ్, అప్పటికీ తేలకపోతే షూటౌట్, అందులో అదృష్టం పాలు ఎక్కువ. దానికంటే ఐదుగురితో ఐదుగురు ఆడిన సమయంలో, స్కోరు సమంగా ఉన్నప్పుడు ఏ టీమ్ ఎన్ని షాట్లు కొట్టిందో చూడండి. ముందంజలో ఉన్న టీమ్ వెనక్కి తగ్గి కాపాడుకునే ఆట ఆడుతుంది కాబట్టి స్కోరు సమంగా ఉన్న సమయమే అసలు బలం చూపిస్తుంది. నేచురల్ స్టాట్ ట్రిక్, మనీపక్ సైట్లలో ఈ లెక్కలు దొరుకుతాయి.

ఒక్క టీమ్ చూసి తీర్పు చెప్పొద్దు

ఒక టీమ్‌కి సీజన్‌లో 14 రెండో రాత్రులు ఉన్నాయనుకుందాం, అందులో ఐదే గెలిచింది. ఘోరంగా అనిపిస్తుంది, కానీ నాణెం 14 సార్లు ఎగరేసినా ఐదు లేదా అంతకంటే తక్కువ బొమ్మలు పడే అవకాశం 21 శాతం దాకా ఉంది. అందుకే లీగ్ మొత్తాన్ని, కనీసం మూడు సీజన్లు కలపండి. 2022-23, 2023-24, 2024-25 బాగుంటాయి. 2019-20 మార్చిలో కోవిడ్‌తో ఆగిపోయింది, 2020-21లో 56 మ్యాచ్‌లే, అవీ సొంత డివిజన్‌లోనే, వరుస రాత్రుల్లో ఒకే ప్రత్యర్థితో ఆడినవి చాలా ఉన్నాయి కాబట్టి ఆ రెండింటినీ పక్కనపెట్టండి.

లెక్క సరిగ్గా కడితే విశ్రాంతి ఉన్న టీమ్‌కి కొంత మొగ్గు కనిపిస్తుంది, కానీ టీవీలో చెప్పేంత పెద్దగా ఉండదు.

ఓపిక ఉంటే ప్రయాణ దూరం, టైమ్ జోన్ మార్పు కూడా కలపండి. డెవిల్స్ టీమ్ న్యూయార్క్ రేంజర్స్‌తో ఆడటానికి నది దాటితే చాలు, వాంకూవర్ కనక్స్ ఫ్లోరిడా వెళ్లాలంటే ఖండం దాటాలి, గడియారం మూడు గంటలు ముందుకు జరుగుతుంది. ఇద్దరి షీట్‌లోనూ విశ్రాంతి రోజులు ఒకటే అని ఉండొచ్చు.

2026-27 నుంచి ఒక్కో టీమ్‌కి 84 మ్యాచ్‌లు. మీ పాత సీజన్ల ఫలితాన్ని ఇప్పుడే ఒక చోట రాసిపెట్టుకుని, ఆ సీజన్ పూర్తయ్యాక అదే షీట్‌లో కొత్త డేటా వేసి సరిపోల్చండి.