మాగబెట్టిన సిగార్ రుచి తప్పితే: లక్షణం, కారణం, పరిష్కారం

రెండేళ్లు ఓపిక పట్టి పెట్టె తెరిచారు. ఒక సిగార్ తీసి వెలిగించారు. ఎదురుచూసిన కమ్మదనం లేదు. ఘాటో, చేదో, ఏ రుచీ లేని వేడి పొగో నోట్లోకి వచ్చింది. అప్పుడు కొందరు తయారీని తప్పుపడతారు, మరికొందరు "ఇంకా మాగాలేమో" అనుకుని మూత వేసేస్తారు. నేను చూసినంతలో తప్పు తరచుగా నిల్వ చేసిన తీరులోనే ఉంటుంది. దాన్ని కనిపెట్టడం పెద్ద కష్టమూ కాదు.

కాలం సిగార్‌కు లేని రుచిని తెచ్చిపెట్టదు. ఉన్నవాటిలో కొన్నిటిని తీసేస్తుంది, కొన్నిటిని మార్చుతుంది. ఆకులో మిగిలిన అమోనియా ఎగిరిపోతుంది. నాలుకను పట్టేసే వగరుకు మూలమైన పాలీఫినాల్స్ ఆక్సిజన్ తగిలి నెమ్మదిగా మారిపోతాయి. లోపలి ఆకులు, వాటిని బిగించి ఉంచే కట్టు ఆకు, పై ఆకు వేర్వేరు గుణాలతో మొదలై, ఏళ్లు గడిచేకొద్దీ ఒకదాని వాసన ఒకదానికి పట్టి కలిసిపోతాయి. అదే సమయంలో సువాసననిచ్చే నూనెలు కూడా కొద్దికొద్దిగా ఆవిరవుతుంటాయి. మాగబెట్టడమంటే మొదటి మూడు పనులూ జరగనిస్తూ చివరిదాన్ని వీలైనంత ఆలస్యం చేయడం. కింది సమస్యలు చాలావరకు ఈ లెక్క ఎక్కడో ఒకచోట తప్పడం వల్ల వచ్చేవే.

ముందుగా మీటరును పరీక్షించండి

ఏ లక్షణం కనిపించినా మొదట అనుమానించవలసింది తేమ మీటరునే. నా తొలి పెట్టె మూతలో ఇత్తడి చట్రం ఉన్న ముల్లు మీటరు ఉండేది. ఏడాది పొడవునా అది 70 దగ్గరే నిలబడింది. సిగార్లు మాత్రం ఎండుగడ్డి కాల్చినట్టు ఉండేవి. ఒక రోజు మీటరును ఊడదీసి బల్ల మీద పెట్టాను. గది గాలి పొడిగా ఉన్నా ముల్లు కదలలేదు, 70 మీదే ఉంది. ఆ ముల్లు ఇరుక్కుపోయి ఎన్నాళ్లయిందో! డిజిటల్ మీటరు కొని పెట్టెలో ఉంచితే అసలు తేమ 54 శాతమని తేలింది.

పరీక్ష సులువు. ఒక సీసా మూతలో వంట ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేదాకా నీటి చుక్కలు వేయండి. ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతను, మీటరును కలిపి గాలి చొరబడని సంచిలో ఒక రోజు ఉంచండి. గది ఉష్ణోగ్రతలో తడి ఉప్పు తన చుట్టూ ఉన్న గాలిని 75 శాతం తేమ దగ్గర నిలబెడుతుంది. మీటరు 79 చూపితే నాలుగు ఎక్కువ చెబుతోందని అర్థం. ఆ తేడాను మీటరు మీదే ఒక చీటీ అంటించి రాసుకోండి.

దీర్ఘకాలం మాగబెట్టడానికి 62 నుంచి 65 శాతం తేమ, 16 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ వేడి బాగుంటాయి. పుస్తకాల్లో, పెట్టెల మీద తరచుగా కనిపించే 70 శాతం త్వరగా కాల్చేసేవాటికి పరవాలేదు. ఏళ్ల తరబడి ఉంచేవాటికి అది ఎక్కువని నా అభిప్రాయం.

ముక్కులో గుచ్చుకునే ఘాటు, మూత్రం లాంటి వాసన

సిగార్ చివర ముక్కుకు దగ్గరగా పెట్టుకుంటే కళ్లు చెమ్మగిల్లుతాయి. వెలిగిస్తే గొంతు వెనక భాగం మండుతుంది. పొగ రుచిలో లోహపు ఛాయ ఉంటుంది.

ఇది అమోనియా. కోసిన ఆకును గుట్టలుగా పేర్చి పులియబెట్టినప్పుడు అందులోని మాంసకృత్తులు విరిగి అమోనియాగా బయటికి వెళ్తాయి. చాలావరకు అక్కడే పోవాలి. అయితే సిగార్ చుట్టడానికి ఆకు మెత్తగా ఉండాలి కాబట్టి దాన్ని మళ్లీ తడుపుతారు. ఆ తేమకు ఆగిపోయిన చర్య కొంత మళ్లీ మొదలవుతుంది. కొత్తగా చుట్టిన సిగార్ కొన్ని నెలలపాటు అదోలా ఉండడానికి కారణం ఇదే. ఈ దశను సిగార్ ప్రియులు జబ్బు కాలం అంటారు. అమోనియా క్షార గుణం వల్ల నికోటిన్ మరింత స్వేచ్ఛగా విడుదలై, అసలు బలం కంటే ఎక్కువ ఘాటుగా తగులుతుంది. సగటు ఘాటున్న సిగార్ కూడా ఈ దశలో బండగా అనిపించేది అందుకే.

ఇక్కడ నిజంగా కాలమే మందు. తయారీ తేదీ చూడండి. క్యూబా సిగార్ల పెట్టెలకు అడుగున ఫ్యాక్టరీ సంకేతంతో పాటు నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. నెల పేరు స్పానిష్‌లో మూడక్షరాల పొట్టి రూపంలో ఉంటుంది: ఎనెరో అంటే జనవరి, అగోస్తో అంటే ఆగస్టు, దిసియెంబ్రె అంటే డిసెంబరు. ఏడాది నిండకపోతే ఇంకో ఆరు నెలలు ఆగి మళ్లీ ఒకటి కాల్చి చూడండి. అయితే అమోనియా పోవడానికి దారి ఉండాలి. పెట్టె కిక్కిరిసి, మూత బిగుసుకుపోయి, నెలల తరబడి తెరవకుండా ఉంటే ఆ వాసన లోపలే తిరుగుతుంది. ఘాటు తగ్గేదాకా వారానికోసారి మూత తెరిచి పది నిమిషాలు గాలి తగలనివ్వండి. ఆ తరువాత నెలకోసారి చాలు.

మూడేళ్లు దాటినా అమోనియా వస్తోందంటే ఆకును సరిగ్గా పులియబెట్టకుండానే చుట్టారన్నమాట. అలాంటి పెట్టె మీద నేను ఆశ పెట్టుకోను.

రుచి చప్పబడిపోవడం

దీనికి రెండు కారణాలున్నాయి, పైకి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఏది ఏదో తేల్చుకోకుండా చికిత్స మొదలుపెడితే నెలలు వృథా.

మొదటిది ఎండిపోవడం. సిగార్‌ను చెవి దగ్గర పెట్టుకుని రెండు వేళ్ల మధ్య మెల్లగా నొక్కండి. పుటపుటమని సన్నని చప్పుడు వస్తే లోపల ఆకు ఎండింది. ఆరోగ్యంగా ఉన్నది కొంచెం లోపలికి పోయి, వేళ్లు తీయగానే తిరిగి వస్తుంది. ఎండినది వేగంగా, వేడిగా కాలుతుంది. ఆ వేడికి రుచి మాడిపోయి కారంగా, పలచగా తగులుతుంది. తేమ 55 శాతానికి దిగువన నెలలు గడిచి ఉంటే నూనెలు కొంత పోయినట్టే, అవి తిరిగి రావు. మిగిలినదాన్ని కాపాడుకోవచ్చు, అదీ తొందరపడకుండా. ఎండిన సిగార్‌ను నేరుగా 70 శాతంలో పెడితే లోపలి ఆకు ఉబ్బి పై ఆకును చీల్చేస్తుంది. మూడు నాలుగు వారాలు 58 శాతం దగ్గర, ఆ తరువాత మరో నెల 62 దగ్గర, చివరికి 65 దగ్గర ఉంచండి. వారానికోసారి సిగార్లను పావు వంతు తిప్పండి. మొత్తం రెండు మూడు నెలలు పడుతుంది.

రెండవది వయసు మీరడం. తేమ సరిగ్గానే ఉంది, నొక్కితే మెత్తగానే ఉంది, కాలడమూ సమంగా ఉంది, కానీ పొగలో ఏమీ మిగలలేదు. నీడలో పెంచిన లేత గోధుమ రంగు కనెక్టికట్ రకం పొగాకు పై ఆకుతో వచ్చే తేలికపాటి సిగార్లు ఎక్కువగా ఇలా అవుతాయి. వాటిలో మొదటినుంచీ తగ్గడానికి ఘాటు లేదు. ఒకటి రెండేళ్లలో అంచులు నునుపెక్కి, తరువాత ఏళ్లలో రంగు వెలిసిన బట్టలా అవుతాయి. మొక్క పైభాగాన ఎండ బాగా తగిలి మందంగా పెరిగిన లిహెరో ఆకు ఎక్కువగా ఉన్న బలమైన సిగార్లే పదేళ్ల ప్రయాణానికి తగినవి. మొదట నోరు తిప్పుకోనివ్వనంత ఘాటు, వగరు ఉన్నవే తరువాత కమ్మగా తయారవుతాయి. వయసు మీరిన సిగార్‌కు మరమ్మతు లేదు. ఆ పెట్టెలో మిగిలినవాటిని ఇంకా దాచకుండా కాల్చేయండి, తేలిక రకాలను ఇకమీదట రెండేళ్లకు మించి ఉంచకండి.

చేదు, జిగురు, పదేపదే ఆరిపోవడం

గట్టిగా పీల్చినా పొగ సరిగా రాదు. ఒకవైపు మాత్రమే కాలుతుంది. చివరి మూడో వంతుకు వచ్చేసరికి తారులాంటి చేదు నాలుకకు అంటుకుంటుంది. ఇవి తేమ ఎక్కువైన గుర్తులు. నీరు పట్టిన ఆకు ఉబ్బి పొగ దారిని మూసేస్తుంది. మంట వేడి నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవడంతో ఆకు సగం సగమే కాలుతుంది.

తేమను 62 - 63కు దించి నాలుగైదు వారాలు ఆగండి. అత్యవసరమైతే కాల్చదలచిన ఒక్కదాన్ని ఒకటి రెండు రోజులు బయట, దేవదారు చెక్క పెట్టెలో ఉంచినా తేడా తెలుస్తుంది. ఇంకో సంగతి: మీటరు చూపేది గాలిలోని తేమను, ఆకులోని తేమను కాదు. కొత్త సిగార్లు తడిగా వచ్చి ఉంటే, గాలి 65 చూపుతున్నా ఆకు మధ్యభాగం ఆ స్థాయికి దిగడానికి వారాలు పడుతుంది. దూరం నుంచి ప్రయాణం చేసి వచ్చిన వాటిని కనీసం మూడు వారాలు కదపకుండా ఉంచేది అందుకే.

పై ఆకు మీద తెల్లని పొర

దీన్ని చూసి మురిసిపోయేవారున్నారు. బాగా మాగిన సిగార్ నూనెలు బయటికి వచ్చి స్ఫటికాలుగా గట్టిపడ్డాయని చెబుతారు. నా మాట వినండి: మెత్తగా, నూగులా, చుక్కలు చుక్కలుగా ఉంటే అది బూజే. నీలం, ఆకుపచ్చ ఛాయ ఉంటే సందేహమే అక్కరలేదు. భూతద్దం కింద పెట్టి పక్కనుంచి దీపం వేసి చూడండి. పోగులు లేచి ఉంటే బూజు.

కారణం తేమ 75 శాతం పైన నిలవడం, లేదా తేమ కోసం పెట్టెలో ఉంచే నీటికి కుళాయి నీళ్లు వాడడం. పై ఆకు మీద మాత్రమే ఉంటే మెత్తని పొడి బ్రష్షుతో తుడిచి, వేరే డబ్బాలో 60 శాతం దగ్గర కొన్ని వారాలు ఉంచి గమనించండి. వెలిగించే కొసలో లోపలి ఆకుల మధ్య కనిపిస్తే పారేయండి, ఎంత ఖరీదైనదైనా సరే. పెట్టెలో డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ వాడకండి. నా మటుకు నేను నీటిని పూర్తిగా మానేసి, ఉప్పు ద్రావణం నింపిన తేమ పొట్లాలకు మారాను. అవి తక్కువైతే తేమను ఇస్తాయి, ఎక్కువైతే పీల్చుకుంటాయి.

గుండుసూది తలంత రంధ్రాలు

ఒక తెల్ల కాగితం పరచండి. సిగార్‌ను దాని మీద నిలువుగా పట్టుకుని వేలితో మెల్లగా తట్టండి. గోధుమ రంగు నుసి రాలితే, పై ఆకులో అంచులు నున్నగా ఉన్న గుండ్రని రంధ్రం కనిపిస్తే లోపల పొగాకు పురుగు ఉంది, లేదా తిని బయటికి వెళ్లిపోయింది. శాస్త్రీయంగా దీని పేరు లాసియోడెర్మా సెరికోర్నె. పెద్ద పురుగు రెండు మూడు మిల్లీమీటర్ల ఎర్రగోధుమ రంగు పెంకు పురుగు, నష్టం చేసేది మాత్రం దాని పిల్ల పురుగు. రంధ్రం పడిన సిగార్‌లో పొగ దారి తప్పి రుచి పలచబడుతుంది.

గుడ్లు ఆకుతోపాటే రావచ్చు. పొదగడానికి వాటికి వెచ్చదనం కావాలి. పెట్టె ఉన్న చోటు 24 డిగ్రీలు దాటిందంటే ప్రమాదం మొదలైనట్టే. రంధ్రాలున్నవాటిని వెంటనే తీసేయండి. మిగిలినవన్నీ, పక్క పెట్టెల్లోవి కూడా, రెండు పొరల సంచుల్లో గాలి లేకుండా మూసి ఒక రోజు ఫ్రిజ్‌లో, తరువాత నాలుగు రోజులు మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో, మళ్లీ ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచండి. గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకండి, విప్పితే నీటి బిందువులు ఆకు మీద పేరుకుంటాయి. ఖాళీ పెట్టెను వాక్యూమ్‌తో మూలమూలలా శుభ్రం చేయండి.

అన్నీ ఒకే రుచిగా మారడం

పొగాకు పక్కనున్న వాసనను పట్టేసుకుంటుంది. ఘాటైనవి, తేలికవి ఒకే అరలో ఏళ్లు ఉంటే తేలికవి తమ రుచి కోల్పోతాయి. సువాసనలు కలిపిన సిగార్ ఒక్కటి చాలు పెట్టె మొత్తాన్ని పాడుచేయడానికి. రకానికో డబ్బా పెట్టండి. సెలొఫేన్ తొడుగు తీయనక్కరలేదు. అది ఆవిరిని నెమ్మదిగా రానిస్తుంది, పోనిస్తుంది, వాసనలు కలవడాన్ని కొంత ఆపుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది పసుపు పచ్చగా మారడం సహజం.

రుచి మెత్తగానే ఉన్నా తల తిరగడం

మాగిన బలమైన సిగార్ మోసం చేసేది ఇక్కడే. అమోనియా, వగరు పోయాయి కాబట్టి గొంతు ఎదురు చెప్పదు. నికోటిన్ మాత్రం చాలావరకు అలాగే ఉంది. వికారం, చెమట, తల తిరగడం మొదలైతే వెంటనే ఆపి గాలి తగిలే చోట కూర్చోండి, మిగిలినది పూర్తి చేయాలనుకోకండి. ఖాళీ కడుపుతో ఎప్పుడూ వెలిగించకండి. మెత్తబడింది కాబట్టి హాని తగ్గిందని అనుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఆకు ఎంత పాతదైనా కాలినప్పుడు తారు, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. నోటికి, గొంతుకు క్యాన్సర్ ముప్పు అంతే ఉంటుంది.

ఏళ్లు గడిచినా ఏ తేడా తెలియకపోవడం

గాలి బొత్తిగా ఆడని డబ్బాలో, మరీ చల్లగా ఉంచితే మార్పు దాదాపు నిలిచిపోతుంది. నెలకోసారి తెరవడం, 18 డిగ్రీలకు తీసుకురావడం సరిపోతుంది. అయితే నేను ఎక్కువగా చూసిన కారణం మరొకటి: మొదటి రోజు అది ఎలా ఉండేదో గుర్తు లేకపోవడం. రుచి జ్ఞాపకం ఆరు నెలలు కూడా నిలవదు. పెట్టె కొన్న వారంలో ఒకటి కాల్చి, ఘాటు, వగరు, తీపి, వాసన గురించి నాలుగు ముక్కలు రాసి ఆ కాగితాన్ని మూత లోపలే ఉంచండి. ఆరు నెలలకోసారి ఇంకొకటి కాల్చి, పాతది చదవకముందే కొత్తది రాయండి, ఆ తరువాతే పోల్చండి. వరుసగా రెండుసార్లు "తగ్గింది" అని రాసుకున్నారంటే మిగిలినవాటిని ఆ ఏడాదిలోనే పూర్తి చేయండి.