సూపర్ బౌల్ ప్రకటనలు జనానికి నిజంగా ఎంత గుర్తున్నాయో కొలవడం ఎలా?

సూపర్ బౌల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఏటా ఒక ఆదివారం జరిగే ఫైనల్ ఆట. దాని మర్నాడు అమెరికాలో ఆట గురించి ఎంత మాట్లాడుకుంటారో, మధ్యలో వచ్చిన ప్రకటనల గురించీ అంతే మాట్లాడుకుంటారు. కానీ "ఆ యాడ్ భలే ఉంది" అన్నవాళ్లను అది ఏ కంపెనీదని అడిగితే చాలామంది తడబడతారు. 2025లో 30 సెకన్ల స్పాట్‌కి కొన్ని కంపెనీలు 80 లక్షల డాలర్లు ఇచ్చాయి. టీవీ ప్రేక్షకుల్ని లెక్కించే నీల్సన్ సంస్థ లెక్కన ఆ ఆటను సగటున 12.77 కోట్ల మంది చూశారు. అంత ఖర్చు పెట్టిన ప్రకటన పనిచేసిందో లేదో చెప్పాలంటే మూడు సంగతులు విడివిడిగా చూడాలి: నచ్చిందా, గుర్తుందా, ఎవరిదో గుర్తుందా. యూఎస్ఏ టుడే పత్రిక 1989 నుంచి నడుపుతున్న యాడ్ మీటర్ (ప్రకటనలకు ప్రేక్షకులే మార్కులు వేసే పోల్) చెప్పేది మొదటి దాని గురించే. మిగతా రెండూ కావాలంటే మీరే అడిగి తెలుసుకోవాలి. 120 మంది దొరికితే మార్కెటింగ్ విద్యార్థులైనా, చిన్న ఏజెన్సీ అయినా ఈ పని చేయవచ్చు.

ఆట సాగుతుండగా: లాగ్ షీటు

ప్రసారం మొత్తం రికార్డు చేయండి. ఒక్కో ప్రకటనకు ఒక్కో వరుస కేటాయించి ఇవి రాయండి: ఏ క్వార్టర్ (ఆటలోని నాలుగు భాగాల్లో ఏది), ఎన్నో బ్రేక్, ఆ బ్రేక్‌లో ఎన్నోది, ఎన్ని సెకన్లు, బ్రాండ్ పేరు మొదటిసారి ఎన్నో సెకనులో కనిపించింది లేదా వినిపించింది, ఆ సమయానికి స్కోరు ఎంత. ఛానెల్ సొంత కార్యక్రమాల ప్రోమోలను, స్థానిక స్టేషన్ వేసుకునే ప్రకటనలను వేరే రంగుతో గుర్తుపెట్టి లెక్కలోంచి తీసేయండి. స్థానిక ప్రకటనలు ఊరూరికీ మారతాయి. మీ ఊళ్లో వచ్చింది ఇంకో రాష్ట్రంలో చూసినవారికి అసలు కనబడి ఉండదు. వాళ్లకది గుర్తులేదని రాసుకుంటే లెక్క మొత్తం పాడవుతుంది.

బ్రాండ్ పేరు వచ్చిన సెకను రాయడం విసుగు పుట్టించే పనే, అయినా మానకండి. 2022లో క్రిప్టోకరెన్సీ కంపెనీ కాయిన్‌బేస్ 60 సెకన్ల పాటు తెర మీద రంగులు మారుతూ తిరిగే క్యూఆర్ కోడ్ ఒక్కటే చూపించి, పేరు చివర్లో వేసింది. కోడ్ స్కాన్ చేసినవారి తాకిడికి వాళ్ల సైటే కాసేపు ఆగిపోయింది. 1984 జనవరి 22న వచ్చిన ఆపిల్ ప్రకటనలోనూ పేరు చివర్లోనే వస్తుంది, అమ్మదలచిన మెకింటాష్ కంప్యూటర్ నేరుగా కనబడదు. పేరు ఆలస్యంగా వస్తే తప్పక నష్టమని చెప్పలేం. కానీ నష్టం జరిగినచోట కారణం వెతకడానికి ఈ సెకన్ల అంకె కావాలి.

ఎవరిని అడగాలి, ఏం చెప్పి అడగాలి

ఆటకు వారం ముందే 120 మందిని ఒప్పించండి. "సూపర్ బౌల్ ఎలా చూశారన్నదాని మీద సర్వే" అని చెప్పండి. ప్రకటనల మాట ఎత్తకండి. ఎత్తారంటే వాళ్లు పరీక్షకు చదివినట్టు చూస్తారు, ఇంట్లో మామూలుగా చూసేవారి జ్ఞాపకం మీకు దొరకదు. సర్వే ముగిశాక అసలు ఉద్దేశం చెప్పేయండి, ఇష్టం లేనివారి జవాబులు తీసేస్తామని కూడా చెప్పండి. ఒకే పార్టీలో కలిసి చూసినవారిలో ఒక్కరినే తీసుకోండి. పక్కవాడు నవ్వితే మనకూ నవ్వొస్తుంది, అక్కడ వచ్చిన మాటలే అందరి జవాబుల్లోనూ వస్తాయి. పదిమంది జవాబులిచ్చినా నిజానికి అది ఒక్క గదిలోని జ్ఞాపకమే.

ఈ 120 మందిని లాటరీ తీసి రెండు సగాలు చేయండి. మొదటి సగాన్ని సోమవారం మధ్యాహ్నం నుంచి రాత్రి తొమ్మిది లోపు, రెండో సగాన్ని వచ్చే ఆదివారం అడగండి. ఉన్నవారినే రెండుసార్లు అడగాలని అనిపిస్తుంది, అలా చేయకండి. ఒకసారి గుర్తుచేసుకున్న సంగతి ఆ గుర్తుచేసుకోవడం వల్లే ఇంకా గట్టిపడుతుంది. రెండోసారి వచ్చే అంకెలో ప్రకటన బలమెంతో, మీ ప్రశ్న బలమెంతో విడదీయలేరు.

ప్రశ్నల వరుస

ఈ పని అంతటికీ ప్రాణం వరుసలోనే ఉంది. ఒక్కో మెట్టు ఒక్కో పేజీలో పెట్టండి, వెనక్కి వెళ్లే వీలు తీసేయండి.

1. ఏయే క్వార్టర్లు టీవీ ముందు కూర్చుని చూశారు? ఏ జట్టు గెలవాలనుకున్నారు? ఆట ఎంత ఉత్కంఠగా అనిపించింది?
2. నిన్న (రెండో సగానికి, గత ఆదివారం) చూసిన ప్రకటనల్లో గుర్తున్నవన్నీ రాయండి. ఖాళీ పెట్టె, ఐదు నిమిషాలు. బ్రాండ్ గుర్తులేకపోయినా ఏం జరిగిందో రాయమని స్పష్టంగా చెప్పండి.
3. కార్లు, బీరు, చిప్స్, ఫోన్లు, బీమా... వీటిలో ఏవైనా ప్రకటనలు గుర్తున్నాయా?
4. 20 బ్రాండ్ల జాబితా. ఆటలో చూసినవాటికి టిక్ పెట్టమనండి. పేర్ల వరుస ఒక్కొక్కరికి ఒక్కోలా మారాలి.
5. పేరు తీసేసిన వర్ణన, రెండు వాక్యాలు. ఇది ఎవరి ప్రకటన?
6. ఎంత నచ్చింది, 1 నుంచి 7. ఆటకు ముందే ఆన్‌లైన్‌లో చూశారా? ఆట తర్వాత మళ్లీ చూశారా?

నచ్చడం గురించి ముందే అడిగితే ప్రకటనల పేర్లు మీరే చెప్పేసినట్టవుతుంది, ఆ తర్వాత వచ్చే జ్ఞాపకం మీరు అందించినదే. ఆరో మెట్టులోని రెండో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. 2011లో ఫోక్స్‌వాగన్ "ద ఫోర్స్" ప్రకటనను ఆటకు ముందే యూట్యూబ్‌లో పెట్టింది. ఇప్పుడది మామూలు పద్ధతి అయింది. ముందే నాలుగుసార్లు చూసినవారిని, ఆటలోనే మొదటిసారి చూసినవారిని ఒకే గంపలో వేసి లెక్కిస్తే ఆ 30 సెకన్ల విలువ తేలదు.

డమ్మీ పేర్లు

నాలుగో మెట్టులోని 20 పేర్లలో 12 నిజంగా వచ్చినవి, 8 రానివి పెట్టండి. రానివాటిలో కనీసం నాలుగు ఏటా వచ్చే పెద్ద పేర్లై ఉండాలి. 2021లో బడ్‌వైజర్ బీరు బ్రాండ్ 37 ఏళ్లలో మొదటిసారి ఆటలో తన ప్రకటన వేయలేదు. అలాంటి పేరే మంచి డమ్మీ. జనం గుర్తుండి కాకుండా "ఇది ఉండే ఉంటుందిలే" అని టిక్ పెట్టడం ఎంతుందో అది బయటపెడుతుంది. ఎవరూ వినని పేర్లు పెడితే వాటికి ఎవరూ టిక్ పెట్టరు, మీకేమీ తెలియదు.

లెక్క తేలికే. 60 మందిలో 42 మంది ఒక బీరు ప్రకటన చూశామన్నారు, 70 శాతం. రాని బీరు బ్రాండ్‌కి 15 మంది టిక్ పెట్టారు, 25 శాతం. తీసివేస్తే 45. నివేదికలో ఈ 45నే రాయండి. ప్రతి వస్తువుకూ దాని రకానికే చెందిన డమ్మీని వాడండి. కారు ప్రకటనలోంచి బీరు డమ్మీని తీసేస్తే ఆ తేడాకు అర్థం ఉండదు.

రాసిన జవాబులకు మార్కులు

ఇద్దరు కూర్చుని, ఒకరిది ఒకరు చూడకుండా, ప్రతి జవాబుకూ మూడు విడి మార్కులు వేయాలి: ప్రకటన ఇదేనని తేలిందా, బ్రాండ్ సరిగ్గా చెప్పారా, ఏం చెప్పదలిచారో పట్టుకున్నారా. తేడా వచ్చినచోట మూడో మనిషి తేల్చాలి. తేడాలు మరీ ఎక్కువైతే తప్పు మీ నియమాల్లోనే ఉన్నట్టు, వాటిని తిరగరాసి మొదటినుంచి మార్కులు వేయండి.

ఈ ఏడాది ప్రకటనకే చెందిన వివరం ఒక్కటైనా లేకుండా మొదటి మార్కు ఇవ్వవద్దు. "గుర్రాల యాడ్ చూశా" అంటే అది ఈ ఏడాదిదో, 2014లో బడ్‌వైజర్ కుక్కపిల్లతో కలిపి వేసిన గుర్రాల యాడో తెలియదు. బ్రాండ్ తప్పు చెప్పినవారు ఎవరి పేరు చెప్పారో వేరే వరుసలో రాయండి. ఆ తప్పులు ఎక్కువగా ఆ రంగంలోని పెద్ద కంపెనీ వైపే వెళ్తాయి. అంటే చిన్న కంపెనీ డబ్బుతో పెద్ద కంపెనీకి ప్రచారం జరిగినట్టు. ప్రకటన ఇచ్చినవారికి మీరు అందించగలిగే అతి విలువైన సమాచారం ఈ వరుసే.

అంకెలు చదివేటప్పుడు

శాతాన్ని మొత్తం 60 మంది మీద కట్టకండి, ఆ క్వార్టర్ చూసినవారి మీదే కట్టండి. 2014లో సియాటిల్ 43-8తో గెలిచినట్టు ఆట ఏకపక్షమైతే నాలుగో క్వార్టర్‌కి కొందరు లేచిపోతారు. చూడనివారిని మరిచిపోయినవారిగా లెక్కిస్తే చివర్లో వచ్చిన ప్రకటనలకు అన్యాయం జరుగుతుంది.

బ్రేక్‌లో మొదట వచ్చినదానికి సాధారణంగా లాభం ఉంటుంది. చివరిది వెంటనే అడిగితే బాగా గుర్తుంటుంది గానీ ఆ లాభం మర్నాటికి దాదాపు పోతుంది. లాగ్ షీటులో స్థానం రాయించింది ఇందుకే. మధ్యలో వచ్చి కూడా మొదటిదానితో సమానంగా నిలిచిన ప్రకటన కనబడితే దాన్ని ప్రత్యేకంగా పరిశీలించండి.

ఉత్కంఠ ఎక్కువైతే ప్రకటనలు ఇంకా బాగా గుర్తుంటాయని అనుకోవడం సహజం. 1986లో షికాగో బేర్స్ 46-10తో న్యూ ఇంగ్లాండ్ పేట్రియట్స్‌ని ఓడించిన ఆట మీద ఒక అధ్యయనం జరిగింది. గెలిచిన జట్టు ఊరివారినీ, ఓడిన జట్టు ఊరివారినీ, ఏ పక్షమూ లేని ఊరివారినీ అడిగారు. 1988లో జర్నల్ ఆఫ్ కన్స్యూమర్ రీసెర్చ్‌లో అచ్చయిన ఫలితం ప్రకారం, ఆట రేపిన ఉద్వేగం ప్రకటనల జ్ఞాపకాన్ని తగ్గించింది. మనసు ఇంకా మైదానంలోనే ఉంటే తెర మీది కారు కంటికి కనబడుతుంది గానీ లోపలికి వెళ్లదు. అందుకే మొదటి పేజీలో జట్టునూ ఉత్కంఠనూ అడిగాం. అభిమానుల్నీ తటస్థుల్నీ వేరు చేసి చూడండి.

60 మంది ఉన్నప్పుడు 50 శాతం అన్న అంకె అటూ ఇటూ 13 పాయింట్లు ఊగుతుంది. 100 మంది ఉన్నా సుమారు 10 ఊగుతుంది. కాబట్టి 48 వచ్చినదాన్ని రెండో ర్యాంకు, 44 వచ్చినదాన్ని ఐదో ర్యాంకు అని రాయకండి. పై గుంపు, మధ్య గుంపు, కింది గుంపు అని మూడుగా విడదీయండి. ఒక్కో ప్రకటన ఎదురుగా నాలుగు అంకెలు పెట్టండి: సోమవారం జ్ఞాపకం, వారం తర్వాతి జ్ఞాపకం, సరైన బ్రాండ్ చెప్పినవారి శాతం, నచ్చిన సగటు. వారం తర్వాతి అంకె సోమవారం కన్నా పెరిగితే ముందుగా ఆరో మెట్టులోని "తర్వాత మళ్లీ చూశారా" జవాబు చూడండి. చూసినవారిని తీసేసి మళ్లీ లెక్కకట్టండి.