అర్హుల జాబితాలు, అర్జీల పనిలో ఏఐ: కార్యాలయంలో పాటించవలసిన పద్ధతి

వచ్చిన అర్జీని ఏ శాఖకు పంపాలో సూచించడం ఒక పని. ఆ అర్జీదారు పింఛను ఆపాలా వద్దా అని తేల్చడం పూర్తిగా వేరే పని. కృత్రిమ మేధను వాడదలచిన అధికారి ముందుగా తన కార్యాలయంలో జరిగే పనులన్నింటినీ ఈ దృష్టితో విడదీసి రాసుకోవాలి. అర్జీల వర్గీకరణ, పాత జీవోల వెతుకులాట, సమావేశాల సారాంశం, ఉత్తరాల చిత్తుప్రతి వంటి వాటిలో యంత్రం పొరపాటు పడినా సిబ్బందే గమనించి సరిదిద్దుకోగలరు కనుక అక్కడ ధారాళంగా వాడవచ్చు. రేషన్ కార్డు, పింఛను, ఇంటిస్థలం, పంట నష్టపరిహారం వంటి వాటిలో పొరపాటు భారమంతా పౌరుడి మీద పడుతుంది. అక్కడ యంత్రం అనుమానం లేవనెత్తవచ్చు గాని, అర్హత లేదని చెప్పే నిర్ణయం విచారణ జరిపి సంతకం చేసే అధికారిదే కావాలి.

ఈ హద్దు ఎందుకు అవసరమో తెలంగాణ అనుభవం చూపింది. పలు శాఖల రికార్డులను జతచేసి ఒక్కో కుటుంబం వివరాలను ఒకచోట చూపే ‘సమగ్ర వేదిక’ను అక్కడ పథకాల అర్హత పరిశీలనకు ఉపయోగించారు. కారు లేని కుటుంబాలకు కారు ఉన్నట్టు నమోదై రేషన్ అందకుండా పోయిన ఉదంతాలు బయటపడ్డాయి. 2016 నుంచి రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇంటికి వెళ్లి చూడవలసిన పని రద్దుకు ముందు కాక, కోర్టు చెప్పాక జరిగిందన్నమాట. ఎక్కువగా చెల్లించామనుకున్న సంక్షేమ సాయాన్ని తిరిగి వసూలు చేసేందుకు ఆస్ట్రేలియాలో తెచ్చి, రాయల్ కమిషన్ విచారణ దాకా వెళ్లిన ‘రోబోడెట్’ పథకంలోనైతే కృత్రిమ మేధ అనదగినదేదీ లేదు, ఒట్టి భాగాహారమే: ఏడాది ఆదాయాన్ని రెండేసి వారాల చొప్పున సమానంగా పంచి, అప్పుడప్పుడు మాత్రమే పని దొరికేవారిని కూడా ప్రభుత్వానికి బాకీ ఉన్నట్టు లెక్కగట్టారు. బాకీ లేదని నిరూపించుకునే బాధ్యతను వారి నెత్తినే పెట్టారు. సాధనం ఎంత తెలివైనదన్న దానికంటే రుజువు భారం ఎవరిదన్నదే ముఖ్యమని నా అభిప్రాయం.

రికార్డులను జతచేసే దశలో తెలుగు పేర్లు ప్రత్యేకంగా ఇబ్బంది పెడతాయి. ఒక రికార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, మరొక దానిలో పొడి అక్షరమే ఉంటుంది. లక్ష్మి అనే పేరును ఇంగ్లిషులో ఒక శాఖ ఒక రకంగా, మరొక శాఖ మరో రకంగా రాస్తాయి. పెళ్లయిన స్త్రీ పేరు భూమి రికార్డులో పుట్టింటి ఇంటిపేరుతో, రేషన్ కార్డులో అత్తింటి ఇంటిపేరుతో ఉండవచ్చు. పుట్టిన తేదీ తెలియని వృద్ధులు చాలామందికి ఆధార్‌లో జనవరి 1 అని పడినందున, పేరుకు తేదీని జోడించి పోల్చినా ఇద్దరు వేర్వేరు మనుషులు ఒక్కరిగా తేలే ప్రమాదం తప్పదు. అందువల్ల పేరు, వయసు కలిసినంత మాత్రాన జత కుదిరిందని ఒప్పుకోకూడదు. తండ్రి లేదా భర్త పేరు, గ్రామం, చిరునామా కూడా కలిస్తేనే ఆ పోలికను లెక్కలోకి తీసుకోవాలి; కలవని వాటిని అనర్హుల జాబితాలో కాక విచారణ జాబితాలో చేర్చాలి.

కొత్త సాధనాన్ని నేరుగా అమలులో పెట్టకుండా, ఇప్పటికే క్షేత్ర విచారణతో పరిష్కారమైన పాత ఫైళ్లపై నడిపి చూడాలి. మొత్తం మీద ఎంత శాతం సరిపోయిందన్న ఒక్క అంకె చాలదు. అర్హులను అనర్హులుగా చూపిన సందర్భాలను విడిగా లెక్కించి, అవి ఒంటరి స్త్రీలు, వృద్ధులు, కౌలు రైతులు, వలస కుటుంబాల మీద ఎక్కువగా పడుతున్నాయేమో గమనించాలి. కార్యాలయాల చుట్టూ తిరిగే తీరిక లేనివారు కూడా వీరే కాబట్టి, వీరి ఫిర్యాదులు తక్కువగా వచ్చినంత మాత్రాన తప్పులు తక్కువని భావించరాదు.

అమలు మొదలయ్యాక అసలు చిక్కు మనుషులతో వస్తుంది. రోజుకు వందల పేర్లు తెరపైకి వస్తే, యంత్రం చెప్పినదానికి ఓకే నొక్కడమే పరిశీలన అయిపోతుంది. ఒక లాగిన్ నుంచి నెల పొడవునా యంత్రం సూచనకు భిన్నమైన నిర్ణయం ఒక్కటీ రాకపోతే, దాన్ని యంత్రానికి ప్రశంసగా కాక పర్యవేక్షణకు సంకేతంగా తీసుకోవాలి. వీలైతే విచారణ అధికారి తన రిమార్కులు నమోదు చేశాకే యంత్రం అభిప్రాయం కనిపించే ఏర్పాటు చేయించాలి. అంతకంటే ముఖ్యంగా, ఒక్కొక్కరికి ఎన్ని ఫైళ్లు అప్పగించాలో కాళ్లతో తిరిగి చూడగలిగే సంఖ్యను బట్టి నిర్ణయించాలి.

లబ్ధిని ఆపే ముందు తెలుగులో నోటీసు ఇవ్వాలి. ఏ శాఖ రికార్డులోని ఏ వివరం ఆధారంగా అనుమానం వచ్చిందో, దాన్ని ఎవరి వద్ద, ఏ తేదీలోగా సరిచేయించుకోవచ్చో అందులో ఉండాలి. చదవలేనివారికి సచివాలయ లేదా పంచాయతీ సిబ్బంది చదివి చెప్పాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(డి) ప్రకారం పాలనా నిర్ణయాలకు కారణాలను బాధితులకు తెలియజేయడం అధికార సంస్థ బాధ్యత. “సిస్టమ్ తీసుకోవడం లేదు” అన్నది కారణం కాదు; స్పీకింగ్ ఆర్డర్‌లో, అంటే కారణాలను వివరించే ఉత్తర్వులో, రాయగలిగినదే కారణం.

అర్జీల సారాంశాలకు ఏఐ వాడేటప్పుడు అంకెలను మూలప్రతితో సరిచూడడం తప్పనిసరి. ఎకరానికి ఆంధ్రలో 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు. ఐదు గుంటలు ఐదు సెంట్లుగా మారితే అర్జీదారు పన్నెండున్నర సెంట్లలో సగానికి పైగా కాగితం మీద పోగొట్టుకున్నట్టే. పౌరుల ఆధార్, ఫోన్, బ్యాంకు, ఆరోగ్య వివరాలను బయటి చాట్‌బాట్‌లలో అతికించరాదు. ప్రభుత్వ సమాచార గోప్యత దృష్ట్యా కేంద్ర ఆర్థిక శాఖ 2025 జనవరిలోనే ఇటువంటి సాధనాలను ఆఫీసు కంప్యూటర్లలో వాడవద్దని తన సిబ్బందికి సూచించింది.

సాధనాన్ని సరఫరా చేసే సంస్థతో ఒప్పందంలో నిర్ణయాల చరిత్రను కార్యాలయం ఎప్పుడైనా చూడగలగాలనీ, నియమాలు మార్చితే ముందుగా రాతపూర్వకంగా తెలపాలనీ షరతులు ఉండాలి.

తప్పు తొలగింపు ఒకటి బయటపడితే ఆ ఒక్క పేరును తిరిగి చేర్చి ఫైలు మూసివేయకూడదు. ఆపిన తేదీ నుంచి బకాయితో సహా చెల్లించి, అదే నియమం లేదా అదే తప్పు రికార్డు కారణంగా తొలగిన మిగతా పేర్లన్నింటినీ కార్యాలయమే వెతికి తీయాలి. ఆ పరిశీలన ముగిసేవరకు ఆ నియమంతో కొత్త జాబితా వెలువడకుండా నిలిపివేసే అధికారం ఎవరికి ఉందో, సాధనం మొదలైన రోజే ఉత్తర్వులో హోదాతో సహా రాసిపెట్టాలి.