ఇంటి అక్వేరియం – 4వ పాఠం: తొట్టిలో తిండిపోతులు

పోయిన పాఠంలో గప్పీలు, టెట్రాలు లాంటి చిన్న చేపలు కలిసి బతికే తొట్టి సిద్ధం చేసుకున్నాం. ఇక "ఒక పెద్ద చేప కూడా ఉంటే బాగుండు" అనిపిస్తుంది. చాలా తొట్లు చెడేది ఇక్కడే.

తిరుపతి షాపుల్లో "షార్క్" అని అమ్మే రెండంగుళాల వెండి రంగు పిల్లను చూసే ఉంటారు. అది సొరచేప కాదు, మెకాంగ్ నదికి చెందిన పంగాసియస్ అనే చేప. 1990ల్లో బంగ్లాదేశ్ మీదుగా మన దేశానికి వచ్చింది. కోస్తా చెరువుల్లో కూర కోసం పెంచేదీ ఇదే. పూర్తిగా ఎదిగితే నాలుగడుగులు దాటుతుంది. పైగా బెదురు చేప, ఉన్నట్టుండి లైటు వేస్తే అద్దానికి మూతి కొట్టుకుంటుంది. ఇళ్ళలో దీన్ని పెంచొద్దనే చెబుతాను.

ఆస్కార్ అనే పెద్ద చేప సంగతి వేరు. తిండి పెట్టే మనిషిని గుర్తుపట్టి ఎదురొస్తుంది, ముద్దొస్తుంది. కానీ మొదటి ఏడాది నెలకు దాదాపు అంగుళం చొప్పున పెరిగి అడుగు దాకా వస్తుంది. నోట్లో పట్టే ప్రతి చేపా దానికి ఆహారమే. టెట్రాలతో కలిపి ఉంచితే ఎంత తిండి పెట్టినా వాటిని కాపాడలేరు. తోడు కావాలంటే సిల్వర్ డాలర్, టిన్‌ఫాయిల్ బార్బ్ లాంటి పెద్ద ఒళ్ళున్న చేపల్ని చూడండి, వాటికి తగ్గట్టు ఇంకా పెద్ద తొట్టి కావాలి.

కొనే ముందు లెక్క వేయండి. తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి, దాన్ని 28తో హెచ్చవేస్తే లీటర్లు వస్తాయి. 3 × 1 × 1.25 అడుగుల తొట్టి 105 లీటర్లు. ఒక్క ఆస్కార్‌కే 280 లీటర్లు కావాలి. 4 × 1.5 × 2 అడుగుల తొట్టి 336 లీటర్లు, ఇసుక, పైన వదిలే ఖాళీ పోగా దానికి సరిపోతుంది. "తొట్టి చిన్నదైతే చేప కూడా చిన్నగానే ఉంటుంది" అంటే నమ్మకండి. అది ఆరోగ్యంగా చిన్నగా ఉండడం కాదు; చిన్న తొట్టి మురికి నీళ్ళలో ఎదుగుదల ఆగుతుంది, వెన్ను వంకర పోతుంది, ఆయుష్షు తగ్గుతుంది.

ఇక తిండి పెట్టే పద్ధతి. తేలే గుళికలు ఒక మూల వేయండి. పెద్దవి అక్కడ ఎగబడుతుండగానే, నెమ్మదిగా తినేవాటికి రెండో మూల మునిగే గుళికలు వేయండి. అడుగున తిరిగే చేపలకు లైటు ఆర్పాక పెట్టండి. రెండు నిమిషాల్లో అయిపోయేంతే వేయాలి. ఎదిగిన ఆస్కార్‌కు రోజుకొకసారి చాలు, వారానికొక పూట పస్తున్నా ఏమీ కాదు. అద్దం దగ్గర నిలబడి అడుగుతూనే ఉంటుంది, లొంగకండి. చికెన్ ముక్కలు వద్దు, ఆ కొవ్వు సరిగా అరగదు.

ఎక్కువ తిన్న చేప ఎక్కువ అమ్మోనియా వదులుతుంది. నీళ్ళు వేడెక్కినా, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే కొలత) పెరిగినా ఆ అమ్మోనియా విషం ఇంకా ముదురుతుంది. పీహెచ్ ఎక్కువున్న బోరు నీళ్ళు వాడేవాళ్ళకు మన మే నెల ఎండల్లో అసలు టెన్షన్ ఇదే. పైగా నీళ్ళు వేడెక్కితే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. అందుకే వేసవిలో తిండి తగ్గించండి, వారానికి మూడో వంతు నీళ్ళు మార్చండి. కుళాయి నీళ్ళైతే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంపు తప్పక ఉంచుకోండి.

చేప మితిమీరి పెరిగితే షాపుకు తిరిగివ్వండి. స్వర్ణముఖిలోనో చెరువులోనో వదలొద్దు. అక్వేరియాల నుంచి బయటపడిన సక్కర్ చేపలు మన రాష్ట్రంలో చెరువు రైతుల వలలు చింపుతున్నాయి.

ఈ వారం మీ తొట్టి లీటర్లు కట్టి, తిండి వేళ ఏ చేపకు అందట్లేదో రాసుకోండి. వచ్చే పాఠంలో ఫిల్టర్ ఎంచుకునేటప్పుడు ఆ రెండూ కావాలి.